జగ్గారావు మందుల డబ్బా

గల్ఫులో, సిత్రాలోని మా కూలీల క్యాంపులో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు వెతికేది జగ్గారావునే. క్లినిక్కుకు వెళితే సగం రోజు డ్యూటీ పోతుందని అందరి బాధ. శ్రీకాకుళంలో సెలవు గడిపి వచ్చిన ప్రతిసారీ అతను బిస్కెట్ల డబ్బా నిండా మాత్రలు తెచ్చేవాడు. "నీకు డాక్టరు పట్టా ఎవరిచ్చారు గురూ" అని నేనెంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవాడు. హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

మొన్న వానాకాలంలో అతని బావమరిది బుజ్జిబాబు సెలవు నుంచి తిరిగొచ్చాడు. వాణ్ణి ఇక్కడ పనిలో పెట్టించింది జగ్గారావే. వచ్చిన మర్నాడే ఒళ్ళు కాలిపోయే జ్వరం, కళ్ళ వెనక పోట్లు. ఊళ్ళో ఇంటింటా డెంగీయేనని వాడే చెప్పాడు. ఆసుపత్రికి వెళదామన్నాను.

"సెలవు నుంచొచ్చి వారం కానేదు, అప్పుడే సిక్కు లీవు పెడితే ఫోర్‌మన్ ఊరుకుంటాడేటి? నొప్పుల మాత్రలేస్తే లేచి కూకుంటాడు," అన్నాడు జగ్గారావు.

నిజంగానే లేచాడు. పూటపూటా మాత్రలు మింగి డ్యూటీకి కూడా వెళ్ళాడు. జ్వరం తగ్గిందని మేము సంతోషించిన రోజునే చిగుళ్ళ నుంచి రక్తం కారింది, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు మాత్రల అట్ట తిప్పి చూశాడు. డెంగీలో ఇవి వెయ్యకూడదనీ, రక్తస్రావం ఎక్కువవుతుందనీ హిందీలో మెల్లగా చెప్పాడు. మర్నాడు బుజ్జిబాబు పోయాడు. జగ్గారావు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అతని మొహం చూశాక ఆ కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు.

సాయంత్రం అతని భార్య వీరలక్ష్మి ఊరి నుంచి ఫోన్ చేస్తే అతను స్పీకరులో పెట్టాడు. పోయినవాడు ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. అయినా మొగుణ్ణే ఓదార్చింది.

"నువ్వు దగ్గరున్నావు కాబట్టి టయానికి మందులైనా పడ్డాయి. మన ఈదిలో అదీ నేక ఎంతమందో పోనారు."

అతని చోట నేనుంటే నోరు మూసుకునేవాణ్ణి.

"ఆ మందులే ఆడి పేనం తీసినాయి లచ్చిమీ. నానే ఇచ్చినాను," అన్నాడు జగ్గారావు.

 

"అమ్మ కాడ ఈ మాట అనకు," అంది వీరలక్ష్మి. "ఎల్లేటప్పుడే ఆడికి ఒళ్ళు ఎచ్చగుంది. జొరం తగ్గినాక ఎల్తాడులే అని అమ్మ ఆపబోయింది. నీ కాడికెల్తే నువ్వే సూసుకుంటావని పంపింది నాను."