రజాయి, బకెట్టు, తలగడ, తాళంకప్ప

మా మేనకోడలు ముందుగా రజాయి తెచ్చింది. శనివారం పొద్దున్నే టోటో, అదే బ్యాటరీ రిక్షా, దిగి, తనకంటే పెద్ద మూటనొకదాన్ని కౌగిలించుకుని మా క్వార్టరు గుమ్మంలో నిలబడింది. మూటే నడిచొస్తోందనుకుని పక్కింటి కుక్క తోక ముడుచుకుని కాలనీ చివరిదాకా పరుగెత్తింది.

"ఉతకాలి అత్తా," అంది మూట వెనకనుంచి.

చలి ఇంకా మొదలవలేదు. ఒక్కరోజైనా కప్పుకోని రజాయికి మురికెలా పట్టిందో నాకర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే గోడమీద బల్లి పలికింది. మా బల్లి మామూలు బల్లి కాదు. వర్క్‌షాపు సైరన్ తర్వాత ఖరగ్‌పూర్‌లో నమ్మదగిన గొంతు దానిదొక్కటే. మా అత్తగారి పక్షవాతాన్నీ, మా కుక్కరు పేలడాన్నీ అది ముందే చెప్పింది.

మేముండేది ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే కాలనీలో. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఈ పిల్ల మా అన్నయ్య కూతురు. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చేరింది. హాస్టల్లో ఉంటూ శని, ఆదివారాలు మా ఇంటికొస్తుంది. సీటు వచ్చిందని తెలిసిన రోజున గోల్‌బజార్‌లో నేను చెప్పని ప్రాణి లేదు. చేపల దాదాకి చెప్పాను, ఆయన బుట్టలోని చేపలకి కూడా చెప్పాను. అవి నోరు తెరుచుకుని విన్నాయి.

ఆ నోళ్ళు మూతపడకముందే మొదటి పరీక్షలు అయిపోయాయి. లెక్కల పేపరు దిద్ది ఇచ్చారు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తారీకు కదేటి? మార్కులెక్కడేసినారు?" అన్నాడు.

"అవే మార్కులు మామయ్యా," అంది పిల్ల.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

సెమిస్టర్ చివరి పరీక్షలో కూడా లెక్కలు పోతే, వచ్చే ఏడు చేరే పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ రాయాలి. ఆ ముక్క చెప్పేటప్పుడు పిల్ల గొంతు రైల్వే స్టేషన్ మైకులా ఉంది. బండి ఆలస్యమని చెప్పేది కూడా ఆ గొంతే, రద్దయిందని చెప్పేదీ ఆ గొంతే.

"మరైతే సదువు," అన్నాను.

"సదువుతాను. నువ్వు నా వెనక కూర్చోవాలి."

"వెనకా?"

"వెనకే. కుర్చీలో. మాట్లాడకూడదు. చేతిలో ఏదైనా కర్ర ఉంటే మంచిది."

ఇంటర్ రెండేళ్ళూ ఈ పిల్ల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది. అక్కడ పొద్దున్న ఒక స్టడీ అవర్, సాయంత్రం ఒకటి, మధ్యలో ఎన్నో. పిల్లలంతా గోడకేసి కూర్చుంటారు. వెనక ఇన్‌చార్జి చెప్పులు టపటపలాడిస్తూ తిరుగుతాడు. ఆ చెప్పుల చప్పుడు వింటేనే కళ్ళు అక్షరాల మీద నిలుస్తాయి, అది ఆగితే చదువూ ఆగిపోతుంది. ఇక్కడ క్యాంపస్‌లో వెనక నడిచేవాడు లేడు. చదివితే చదువు, మానితే మాను. ఆ స్వేచ్ఛ చూసి పిల్లకి గుండె జారిపోయింది.

సరే, మా ఆయన దోమతెర కర్ర పట్టుకుని కూర్చున్నాను. టేబులు గోడవైపు, పిల్ల టేబులు వైపు, నేను పిల్ల వీపు వైపు. జీవితంలో నేనెవరి వీపునీ అంతసేపు చూడలేదు, మా పెళ్ళినాటి పురోహితుడిది తప్ప.

ఎంత బాగా చదివేదనుకున్నారు! కదలదు, మెదలదు. ఒక్కో పేజీకీ పచ్చరంగు మార్కరు పట్టించేది. మొదట ముఖ్యమైన వాక్యాలకి, తర్వాత వాటి పక్కవాటికి పులిమి, చివరికి పుస్తకం మొత్తాన్ని పెళ్ళికూతుర్ని చేసేసింది. అంతా అయ్యాక మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలు. పేజీ తిప్పడం మాత్రం ఎప్పుడూ ఒకే లయలో. కష్టమైన పేజీ, తేలికైన పేజీ అని తేడా లేదు. నేను పేపర్లో వంటల శీర్షిక చదివినా ఉప్పు దగ్గరోసారి ఆగుతానే!

ఇంట్లో కుక్కరు విజిల్ బంద్. టీవీ బంద్. మా ఆయన తుమ్మాలంటే పెరట్లోకెళ్ళి తుమ్మాలి. ఓ రోజు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి గుసగుసగా అడిగాడు:

"ఏటే, ఇంట్లో ఎవులైనా పోయినారేటి?"

"ఇంకా లేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకే తెలియదు. బల్లి వెంటనే పలికింది.

రెండో వారం బకెట్టు తెచ్చింది. "కారుతోందత్తా." నీళ్ళు పోసి చూశాను. ఒక్క చుక్క కారలేదు. ఆ తర్వాతి వారం తలగడ. "ఇక్కడైతే నిద్ర పడుతుంది." పట్టిందీ లేదు, పాడూ లేదు. కళ్ళ కింద నలుపు చూస్తే ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ కొట్టువాడు సిరా ఉచితంగా పంచిపెట్టినట్టుంది. ఆ శనివారమే భోజనాల దగ్గర, పప్పు కలుపుకుంటూ, మామూలుగా అడిగింది:

"అత్తా, విజయనగరం బండికి ఇక్కణ్ణుంచి టికెట్ సుళువుగా దొరుకుతాదా?"

"సెలవులకా? అప్పటికి చూద్దాంలే."

"ఊఁ," అంది. సెలవులకని మాత్రం అనలేదు.

అన్నయ్య ఫోన్ చేసి ఎలా చదువుతోందని అడిగితే, "సూర్యుడు కూడా ఇంత కుదురుగా పనిచెయ్యడు," అన్నాను. అబద్ధం కాదు. కుదురే నన్ను భయపెడుతోంది.

నా మనసులో భయం పెరిగితే చేతుల్లోకి అల్లరి దిగుతుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు, మందు లేదు. మరుసటి వారం ఆదివారం పొద్దున్న చేపలకని గోల్‌బజార్ వెళ్ళాలి. కుర్చీ ఖాళీ చేస్తే పిల్ల చదువు ఆగిపోతుంది. ఆమె తెచ్చిన తలగడే తీసి కుర్చీలో నిలబెట్టాను. నా పాత నేతచీర చుట్టాను. ఒళ్ళో దోమతెర కర్ర పెట్టాను. నాకంటే హుందాగా ఉంది. మా ఆయన దాన్ని చూసి, "ఇలాగుంటే నాను ఇంకోపాలి పెళ్ళాడెద్దును," అని పెరట్లోకెళ్ళి నవ్వుకున్నాడు.

వెళ్ళాను, ఇలిష్ చేప బేరమాడాను, ఆ బేరంలో బెంగాల్ సగం పాల్గొంది, తిరిగొచ్చాను. పిల్ల ఎప్పుడో వెనక్కి చూసి పొట్ట పట్టుకుని నవ్వి ఉంటుందనుకున్నాను. పెరటి తలుపు మెల్లగా తోసి, ముసిముసిగా నవ్వుకుంటూ తొంగి చూశాను.

తలగడ కూర్చునే ఉంది. పిల్ల చదువుతూనే ఉంది. పేజీ తిరిగింది. మళ్ళీ తిరిగింది.

అప్పుడు పిల్ల, తల తిప్పకుండానే, "అత్తా, నీళ్ళు తాగొచ్చా?" అంది.

తలగడేమీ అనలేదు.

పిల్ల కాసేపు ఎదురుచూసింది. నీళ్ళ చెంబు పక్క కిటికీలోనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. ఒకసారి గుటక మింగి మళ్ళీ పేజీ తిప్పింది.

నా చేతిలో సంచీ జారిపోయింది. ఇలిష్ బతికుండగా చెయ్యని చప్పుడు అప్పుడు చేసింది. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నన్ను చూసింది, కుర్చీని చూసింది. నవ్వుతుందేమోనని నేను చూశాను. నవ్వలేదు.

కుర్చీలోంచి తలగడ తీసి మంచమ్మీద పారేసి, కుర్చీని ఈడ్చుకెళ్ళి ఆమె ముందర, గోడకీ టేబులుకీ మధ్య ఇరికించి కూర్చున్నాను. నా శరీరానికి ఆ సందు చాలదు. గోడే కొంచెం సర్దుకుంది. పుస్తకం మూసేశాను.

"పొద్దున్నుంచీ ఏటి సదివినావు? సెప్పు."

నోరు తెరిచింది. చాలాసేపు తెరిచే ఉంచింది. నాకు గోల్‌బజార్ చేపలు గుర్తొచ్చాయి.

"తెరిచుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాదత్తా," అంది చివరికి. "ప్రతి లైనూ ఎరిగున్న మొహంలాగే కనిపిస్తాది. మూసేస్తే ఒక్కరూ లేరు."

అని, తన సంచీలోంచి ఏదో తీసి టేబులు మీద పెట్టింది. చిన్న ఇత్తడి తాళంకప్ప, తాళంచెవితో సహా. హాస్టల్లో ఆమె అలమారాకి వేసుకునే తాళం.

"అలమారాలో ఏటుంది మరి?"

"ఏటీ లేదు. పరీక్షకి ముందే ఎల్లిపోతాను. రాసి పోగొట్టుకునే కంటే రాయకుండా పోతే నాన్నకి తక్కువ సిగ్గు."

బల్లి పలకలేదు. ఇంత పెద్ద కబురుకి అది నోరు మూసుకుని కూర్చోవడం నాకు మరీ భయమేసింది.

నేను ఉపన్యాసాలు ఇవ్వగలను. కాలనీలో నా ఉపన్యాసాలకి మేకలు మేత మానేస్తాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. వంటింట్లోంచి ముగ్గు సుద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఎర్రటి గచ్చు చూపించాను.

"ఎల్దువుగానిలే. ఎల్లేముందు ఆ పుస్తకంలో ఉన్నది ఏదైనా ఒక్కటి నాకు సెప్పీసి ఎల్లు. పుస్తకం మాత్రం తెరవకూడదు."

"నీకు లెక్కలు రావు కదత్తా."

"అందుకే."

ఏడుపూ కోపమూ కలిసిన చేత్తో గచ్చుమీద గీసింది: సగం, దానికి పావు, దానికి పావులో సగం. ఇలా ఎంత దూరం కలుపుకుంటూ పోయినా ఒకటి దాటదట.

"అంటే మీ మామయ్య పెరట్లో కుళాయి బాగుచెయ్యడమా? రోజూ మిగిలిన పనిలో సగం చేస్తాడు."

"అదే!" అంది, తనకే ఆశ్చర్యంగా.

"ఎప్పటికైనా అవుతాదా?"

"దగ్గరకొస్తాదత్తా, ఎంత కావాలంటే అంత దగ్గరకి."

"నానూ సూస్తన్నాను, పెళ్ళైన కాడినుంచీ. సరేగానీ, ముక్కలు చిన్నవవుతుంటే మొత్తం ఎప్పుడూ ఆగుతాదన్నమాట."

"ఆగుతాది," అంది. వెంటనే ఆగిపోయింది. సుద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఉండిపోయింది. "ఆగదు. ఒకటి ఆగనిదుంది. సగం, మూడోవంతు, పావు, ఐదోవంతు... అది ఆగదు. ఎందుకాగదో..."

లేచి వెళ్ళి పుస్తకం తెరిచింది. అన్ని వారాల్లో ఆమె వేళ్ళు పేజీల్లో దేన్నో వెతకడం నేను చూడటం అదే మొదటిసారి. దొరికింది. పుస్తకం మూసేసి వచ్చి గచ్చుమీద గీసి చెప్పింది. నాకర్థం కాలేదని నా మొహం చూసి మళ్ళీ చెప్పింది. రెండోసారి అర్థమైంది: ముక్కలు చిన్నవైపోతున్నాయి కదాని ధీమాగా ఉండకూడదు.

ముందు రజాయి, ఆ తర్వాత బకెట్టు, తలగడ, తాళంకప్ప. వారం వారం చిన్నదే తెచ్చింది. నేను టేబులు వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

ఆ ఆదివారం బండెక్కలేదు. "పరీక్షదాకా," అంది. అంతకంటే నేనేమీ అడగలేదు.

కుర్చీ ముందరే ఉండిపోయింది. కర్ర దోమతెరకి తిరిగి వెళ్ళింది. శనివారం వస్తే ఈ వారం పాఠం అడిగేదాన్ని కాదు, పోయిన వారం చెప్పింది అడిగేదాన్ని. మర్చిపోయుండేది, తిట్టుకునేది, గచ్చుమీద కుస్తీ పట్టి లాక్కొచ్చేది. ఆ తర్వాతి వారం అది దానంతటదే వచ్చేది. మా ఆయనా వినడానికి కూర్చుని, మొదటి సమీకరణం దగ్గరే గురక పెట్టేవాడు. ఆయనకి నిద్ర రాకుండా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టు లెక్క అని పందెం వేసుకున్నాం. ఇంతవరకూ ఎవరూ గెలవలేదు.

మిగతా రోజుల్లో ఎవరికి చెప్పాలని అడిగింది. హాస్టల్ గదిలో ఒక బెంగాలీ పిల్ల ఉంది కదా అన్నాను. భాష రాదంది. "లెక్కకి భాషేటి?" అన్నాను. ఈమె సగం హిందీలో లెక్కలు చెబితే ఆ పిల్ల సగం ఇంగ్లీషులో ఫిజిక్స్ చెప్పిందట. పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, పుస్తకం మంచం కింద పెట్టి, ఇద్దరూ గడియారం చూసుకుని రాశారట. మొదటిసారి రాసింది తలుచుకుంటే ఇద్దరికీ భోజనం సయించలేదట. ట్యుటోరియల్ క్లాసులో చెయ్యెత్తి "ఈ లైను తర్వాత ఈ లైను ఎందుకొచ్చింది?" అని అడిగిందట. చెయ్యెత్తేముందు, తల తిప్పి వెనక ఎవరైనా ఉన్నారా అని చూసుకుందట. ఆ మాట చెప్పినప్పుడు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇన్ని జరుగుతున్నా, రజాయి మా పెట్టె మీదే ఉంది. బకెట్టు మా పెరట్లోనే ఉంది. తాళంకప్ప టేబులు మీదే. చలి దిగింది. పిల్ల హాస్టల్లో ఏం కప్పుకుంటోందో అడిగితే, "ఉందిలే," అనేది. నేను ఆ బకెట్టుని ముట్టుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అది బావిలా నోరు తెరుచుకుని నన్ను చూసేది.

పరీక్షకి ముందురోజు పొద్దున్న టోటో చప్పుడైంది. రావాల్సిన రోజు కాదు. ఆ రోజు విజయనగరం వైపు వెళ్ళే బండి ఉందని నాకు తెలుసు. ఈ కాలనీలో పుట్టిన చీమకి కూడా టైంటేబులు నోటికొచ్చు. చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన పెరట్లోంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇద్దరం ఆమె చేతుల్లోకి చూశాం. ఏమీ లేదు.

"అత్తా, తాళం ఇస్తావేటి? అలమారాలో పుస్తకాలున్నాయి."

ఇచ్చాను. టోటో ఎక్కబోతూ వెనక్కొచ్చి రజాయి కూడా తీసుకుంది. "చలేస్తంది," అంది.

లెక్కలు గట్టెక్కాయి. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కాయి, కానీ గట్టెక్కాయి. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇది తారీకు కాదులే," అన్నాడు. నేను ఫోన్లో అరిచి చెప్పిన తీరుకి, అన్నయ్యకి విజయనగరంలో దండోరా వేయించుకునే పని తప్పింది. పిల్ల వచ్చి బకెట్టు తీసుకెళ్ళింది. తలగడ మాత్రం వద్దంది.

"ఉండనీ అత్తా. వచ్చినప్పుడు పడుకోడానికి కావాలి కదా."

రెండో సెమిస్టర్ మొదలైంది. బల్లి గోడమీదే ఉంది. శనివారం టోటో ఆగిన చప్పుడైతే పిల్ల మొహం చూడను. ముందు చేతులే చూస్తాను.