కాకి ముట్టని ఉండలు

వంట విషయంలో నేను మాట పడే మనిషిని కాను. ఉప్పెక్కువైందని ఎవరన్నా అంటే గిన్నె వాళ్ల ముందరే పెట్టి, మీరే చేసుకోండి అంటాను. అట్లాంటి నా చేతివంట ఒకసారి ఎంత పని చేసిందో ఇప్పటికీ మరిచిపోలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాల హైస్కూల్లో చదువుతుండగా అమ్మ పోయింది. ఇంట్లో నాయన, నాయనను కన్న జేజి, నేను మిగిలినాము. నాయనకు బజారులో కొట్టు ఉండేది. అమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ. జబ్బు ముదిరినాక ఒక్కసారి పుట్టింటికి పోయొస్తానని అడిగింది. "కొట్టు ఇడిచిపెట్టి యాడ వచ్చేది? వచ్చే నెల పోదాంలే" అన్నాడు నాయన. ఆ నెల రాకముందే ఆమె పోయింది.

మొదటి మాసికానికి కాకికి పెట్టే ఉండలు నేనే చేస్తానని పట్టుబట్టినాను. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి కలిపి పిసికిన ఉండలంటే అమ్మకు ప్రాణం. పోయినవాళ్లకు పెట్టేదాన్ని ముందుగా నాలుకకు తగిలిస్తే ఎంగిలవుతుంది. అందుకని రుచి చూడలేదు. పిసికేటప్పుడు చేతికి గరగరమంటే బెల్లంలో ఇసుక అనుకున్నాను.

నాయన విస్తరాకు మిద్దె మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడినాడు. కాకులు వచ్చినాయి. ఒకటి ఉండను పొడిచి, ముక్కు పిట్టగోడకు రుద్దుకుని ఎగిరిపోయింది. తక్కినవి దగ్గరికి గూడా రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మా వాళ్ల నమ్మకం. ఎండ నడినెత్తికి వచ్చినాక జేజి ఆ ఉండలు తీసుకుపోయి కుందూ ఏట్లో కలిపింది.

"దానికి నా మీద కోపం పోలే. ఆళ్లగడ్డకు పంపలేదు గదా" అన్నాడు నాయన. ఆ పొద్దు నుంచి సగం అన్నంలోనే లేచిపోయేవాడు. కొట్లో ఎవరేమడిగినా రెండుసార్లు అడగాల్సి వచ్చేది. మనిషి చిక్కి సగమైనాడు. నాకు అమ్మ మీదనే కోపం వచ్చింది. చచ్చిపోయి గూడా ఇంత సాధించాలా అనుకున్నాను.

రెండో మాసికం వారం ఉందనంగా, బడిలో సైన్సు అయ్యవారు మూడు కాగితాల్లో మూడు తెల్ల పొడులు పోసి బల్ల మీద పెట్టినాడు. నాలుకకు తగిలించకుండా ఏది ఏందో చెప్పమన్నాడు. దెబ్బలకు పూసే టింక్చరు చుక్క వేస్తే బియ్యప్పిండి నల్లటి నీలం రంగుకు తిరిగింది. ముగ్గుపిండి తిరగలేదు గాని, నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది. సోడా కూడా పొంగింది. అయితే సోడా నీళ్లలో కరిగిపోయింది, ముగ్గుపిండి అడుగున నిలిచింది. అయ్యవారు దాన్ని వేళ్లతో నలిపి చూడమన్నాడు. గరగరమంది. మాసికం ఉండలు పిసికినప్పుడు చేతికి తగిలింది ఈ గరగరే.

మా ఇంట్లో బియ్యప్పిండీ ముగ్గుపిండీ ఒకే రకం తగరపు డబ్బాల్లో ఉండేవి. అమ్మకు చదువు రాదు. కుడిది పిండి, ఎడమది ముగ్గు, అంతే గుర్తు. మైల తీరిన రోజు చుట్టాలు వంటింటి గోడ గూడంతా కడిగి, డబ్బాలు ఎట్ల పడితే అట్ల పెట్టిపోయినారు. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా ముగ్గూ వేయరు, పిండివంటా చేయరు. ఆ డబ్బాల జోలికి ఎవరు పోతారు?

ఇంటికొచ్చి రెండు డబ్బాలూ దించి నాయన ముందర పెట్టినాను. కుడి డబ్బాలోది చిటికెడు బండ మీద పోసి నిమ్మకాయ పిండినాను. పొంగింది. ఎడమ డబ్బాలోదానికి టింక్చరు చుక్క తగలగానే నీలం తిరిగింది.

"కాకికి నేను పెట్టింది ముగ్గుపిండి నాయనా. అమ్మ కోపం కాదు, నా తప్పు" అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండు అనిపించింది. నాయన ఆ పొంగు అణిగిందాకా చూసి, బండను పైపంచెతో తుడిచినాడు.

రెండో మాసికానికి మంచి పిండితో చేసినాను. విస్తరాకు పెట్టీ పెట్టకముందే కాకులు తన్నుకుని తిన్నాయి. "ఇంగ నెమ్మదేనా నాయనా?" అని జేజి కండ్లు తుడుచుకుంది.

నాయన ఖాళీ విస్తరాకు చేతికి తీసుకున్నాడు. "కాకి తినె. నేను పంపంది మాత్రం పంపందే గదమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి నన్ను తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కినాడు. ఇంట్లో మిగిలిన రెండు ఉండలు గుడ్డలో కట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.