అన్నం తిన్నాక చెప్పే కబురు

ఇవాళ పొద్దున తాడేపల్లిగూడెంలో మా పక్కింటావిడ పిట్టగోడ మీదుగా తొంగిచూసి, గొంతు బాగా తగ్గించి, "ఏవండీ, రేపు మా ఆడపడుచు మస్కట్ నుంచి దిగుతోందండీ. మా మావగారు పోయిన సంగతి తనకింకా తెలీదు. మీరు కాస్త దగ్గరుండి నాలుగు ముద్దలు తినిపిద్దురూ, మావల్ల కాదండీ" అంది. వంకాయలు తరుగుతున్నదాన్ని కత్తిపీట వాల్చి లేచాను. నా వంట బాగుంటుందని అడిగింది పాపం. నా కథ ఆవిడకి తెలియదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి వచ్చిన మనిషికి చావు కబురు గుమ్మంలో చెప్పరు. కాళ్ళు కడుక్కోమంటారు, అన్నం పెడతారు, చెయ్యి కడిగాక చెబుతారు. విన్నాక ఎలాగూ ముద్ద దిగదు కదా, ముందే కాస్త లోపలికి పోనీ అని. గుడికి వెళ్ళేవాళ్ళయినా, మాలాగా చర్చికి వెళ్ళేవాళ్ళయినా ఈ ఒక్క విషయంలో తేడా లేదు. ఆ పద్ధతితోనే నేను కువైట్ నుంచి వచ్చిన రోజు మావాళ్ళందరినీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉసురు పెట్టాను.

మా ఆయన పోయాక కలిదిండి దగ్గర అన్నయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. కువైట్‌లో ఇంటిపనికి వెళతానంటే వదిన అడ్డం పడింది. "నీకేం ఖర్మమ్మా, ఎవరింట్లోనో అంట్లు తోమడానికి? నేను తాగే గంజే నీకూ పోస్తాను" అంది. దానికి నేనేమన్నానో తెలుసా? "ఇంట్లో చాకిరీకి మనిషి ఉండదనే కదా మీ బాధ!" అన్నాను. నోరా అది! వదిన లోపలికెళ్ళి కొర్రమీను పులుసు, వేడన్నం కంచంలో తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆ కంచం పక్కకి తోసేసి బస్సెక్కాను.

ఆరేళ్ళు ఆ మాట నన్ను తింటూనే ఉంది. వదిన మాత్రం ఏమీ జరగనట్టే ఫోన్లో గలగలా మాట్లాడేది. క్షమించండి అని ఫోన్లో అంటే సరిపోదనిపించేది నాకు. ఎదురుగా కూర్చుని, ఆమె చేతి ముద్ద తింటూ చెప్పాలి. "వదినా, రాగానే మీ చేతి ముద్దే మొదట" అంటే, "రా తల్లీ, కొర్రమీను నేనే దగ్గరుండి బాగు చేస్తాను" అంది. బయల్దేరే వారం మాత్రం ఎప్పుడు చేసినా అన్నయ్యే ఫోన్ ఎత్తాడు. "వదినకి జలుబమ్మా, గొంతు పోయింది" అన్నాడు. నమ్మాను. నిజానికి జ్వరమని పడుకున్న మనిషి వారం తిరక్కుండానే, నేను విమానం ఎక్కడానికి నాలుగు రోజుల ముందు పోయింది. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడదానికి ఎందుకని నాకు చెప్పలేదు.

ఏలూరు స్టేషన్లో రైలు దిగగానే ఉక్క తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంది. ఆరేళ్ళు ఆ ఎడారి ఎండలో ఎండిపోయిన ఒంటికి ప్రాణం లేచొచ్చింది. చెమట పట్టిందని సంబరపడిన మనిషిని ఎక్కడైనా చూశారా? నేనే. అన్నయ్య నా పెట్టె అందుకోకుండానే, "ముందు టిఫిన్ చేద్దాం పదమ్మా" అన్నాడు. వదిన దగ్గరే తింటానన్నాను. ఆటో కొల్లేటి రోడ్డెక్కింది. గుర్రపుడెక్క మధ్య గూడబాతులు, దారి పొడుగునా చేపల చెరువులు, చేపలకి మేతగా వేసే తడిసిన తవుడు వాసన. ముక్కు మూసుకోవలసిన వాసనే, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. కైకలూరులో మళ్ళీ హోటల్ ముందు ఆపించాడు. "ఏంటన్నయ్యా, వదిన వంట మీద నమ్మకం పోయిందా?" అని నవ్వాను. అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని చెరువుల వైపు తిరిగిపోయాడు. చెమటే అనుకున్నాను.

ఇంటి దగ్గర పిన్ని ఎదురొచ్చింది. వంటంతా చేసి పెట్టింది. "వదినేదీ?" అంటే, "గణపవరం వాళ్ళక్క దగ్గరికెళ్ళిందమ్మా, వచ్చేస్తుంది. నువ్వు తిను" అంది. గుమ్మం పక్కన వదిన చెప్పులున్నాయి. చెప్పుల్లేకుండా ఎలా వెళ్ళిందని అడిగాను. "కొత్తవి కొనుక్కుంది" అంటూ పిన్ని లోపలికెళ్ళిపోయింది. సరే, వచ్చాకే తింటానని అరుగు మీద కూర్చున్నాను. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, నన్ను చూసి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడగడం, లేదంటే తల దించుకోవడం. ఎవరికీ కువైట్ కబుర్లు అక్కర్లేదు. వీళ్ళకేం వచ్చిందిరా దేవుడా అని విసుక్కున్నాను కూడా. నేను తినేదాకా వాళ్ళు ఏడవడానికి లేదని నాకేం తెలుసు!

పొద్దు వాలాక అన్నయ్య కంచంలో అన్నం, కొర్రమీను పులుసు కలుపుకొచ్చి నా ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. ముద్ద నా నోటి దగ్గర పెట్టాడు. "తినమ్మా. మీ వదినే చెప్పింది. 'అది వెళ్ళిననాడు తినకుండా వెళ్ళింది. వచ్చిననాడు మాత్రం కడుపునిండా పెట్టండి, తరవాతే చెప్పండి' అని" అన్నాడు.

ఏం చెప్పాలని నేను అడగలేదు. నోరు తెరిచాను. ఏడుస్తూనే కంచమంతా తిన్నాను, మెతుకు మిగల్చలేదు. అన్నయ్యకి ముళ్ళు ఏరడం రాదు, రెండు గుచ్చుకున్నాయి. చెయ్యి కడుక్కున్నాక పిన్ని నన్ను పట్టుకుని బావురుమంది. అప్పుడు చర్చి వెనక్కి తీసుకెళ్ళారు. సమాధి ఇంకా కట్టలేదు, మట్టి పచ్చిగానే ఉంది. "వదినా, ఆ మాట తప్పు" అన్నాను. ఆరేళ్ళు దాచుకున్న మాట మట్టికి చెప్పాను.

పక్కింటావిడకి సరేనన్నాను. రేపు పొద్దున్నే లేచి పులుసు పెట్టాలి, ముళ్ళు నేనే ఏరాలి. ఆ పిల్ల కూడా వాళ్ళ నాన్నకి ఏదో చెబుదామని మూట కట్టుకునే వస్తుంటుంది. ఆరేళ్ళు ఆగిన మాట ఇంకో నాలుగు రోజులు ఆగదా అనుకున్నాను నేను. కాలం మనకోసం కంచం ముందు కాచుక్కూర్చోదండీ. అలా కూర్చునేది మనుషులే, అదీ ఉన్నన్నాళ్ళే.