మూడు చేతుల మార్తమ్మ

మనిషి ముఖాన్ని ముక్కలు చేసి గీస్తే దేవుడి సృష్టిని వెక్కిరించినట్టేనా? పోయిన వారం నన్నడిగి ఉంటే, అవునని మైకు లేకుండానే పక్క వీధికి వినపడేలా చెప్పేవాణ్ణి. మా అమ్మాయి కరుణ తిరుపతిలో చిత్రకళ చదువుతోంది. కన్నతల్లిని మూడు చేతులతో, ఎగుడుదిగుడు కళ్ళతో, ముక్కలు అతికించినట్టు గీసి కాలేజీ ప్రదర్శనలో పెట్టింది. ఆ ఫోటో నేను పాస్టరుగా ఉన్న చర్చి సంఘమంతా తిరిగింది. బొమ్మను తీసేయాలని పెద్దలు ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. తీయిస్తానని మాటిచ్చాను.

నిన్న ఉదయం ఏడింటికి నేనూ, నా భార్య మార్తమ్మా చిత్తూరులో ఆర్టీసీ బస్సెక్కాం. రెండు గంటల దారి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం, టికెట్టు డబ్బులు నాకొక్కడికే. తిరుపతి బస్టాండు నుంచి ఆటో ఎనభై రూపాయలు. నా ఒళ్ళో బైబిలు చూసి, బొమ్మ మీద నా కోపమంతా విని డ్రైవరు నవ్వాడు. "అందురూ అలిపిరికి పోతావుంటే, నువ్వు బొమ్మ దించేదానికి పోతావుండావా సామీ?"

కాలేజీ హాల్లో గోడకు మనిషెత్తు బొమ్మ. సండేస్కూలు పిల్లలకు ఇరవై ఏళ్ళుగా రంగుల పాఠం చెబుతున్నవాణ్ణి: నలుపు పాపం, ఎరుపు రక్షణ, తెలుపు శుద్ధి. బొమ్మనూ అలాగే చదివాను. మూడు చేతులకూ వేళ్ళ కొనలు నలుపే. తల్లిని పాపిని చేసిందని ఒళ్ళు మండి, కరుణ ముందే ఉత్తరం తీశాను.

మార్తమ్మ ఆ నల్లటి వేళ్ళ పక్కన తన వేళ్ళు పెట్టి చూసుకుంది. "అది పాపం గాదయ్యా, మామిడికాయ సొన. నువ్వు సువార్తకని ఊర్లు తిరగతావుంటే, ఫ్యాక్టరీలో కాయలు కోసిన చేతులు ఇవి," అంది. రెండు చేతులు కోతకు, మూడోది పిల్లను జోకొట్టడానికి; ఒక కన్ను కాయల మీద, రెండోది పక్కన గోతం మీద పండబెట్టిన ఆ పిల్ల మీద అని కూడా ఆమే చెప్పింది.

కరుణ నా వైపు చూడలేదు. "చిన్నప్పుడు ఆ గోతం మీద పండుకోని చూస్తే అమ్మ ఎప్పుడూ నిండుగా కనపడలేదు నాయనా. ఒకతూరి గెడ్డం, ఒకతూరి చెయ్యి. కనపడినట్టే గీసినాను."

శరీరం ఒకటే, అవయవాలు అనేకమని వందసార్లు బోధించింది నేనే. ఉత్తరం కరుణకే ఇచ్చేశాను. తర్వాత సాయంత్రం దాకా వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ బొమ్మను నేనే వివరించాను: గీసింది మా అమ్మాయి, ఇదిగో ఈమే ఆ తల్లి. మెల్లగా మాట్లాడమని వాచ్‌మన్ రెండుసార్లు చెప్పాడు.

నేను నిలబడిన ప్రతి వేదికనూ మోసింది ఆ చేతులే. ముక్కలైంది ఆమె ముఖం కాదు, నా చూపు. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఎదురుగా నిలబడకండి, బొమ్మ ముందు నేల మీద కూర్చుని పైకి చూడండి. సంఘ పెద్దలారా, మీకిచ్చిన మాట తప్పాను, సిగ్గుపడను. ఇంకో ఉత్తరం రాసే ముందు వచ్చి చూడండి. ప్రదర్శనకు ఇదే చివరి రోజు, రేపటికి గోడలు ఖాళీ. కలం పక్కన పెట్టి, ఈరోజే, ఇప్పుడే బస్సెక్కండి.