మెయిన్ ఆపాను, చెయ్యి పెట్టండి అన్నాను

“ఏవే, మెయినాపేవా?”

“ఆయ్, ఆపేనండి. చెయ్యెట్టండి.”

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆయన పెరట్లో మోటారు ప్లగ్గు దగ్గర, నేను వీధి వరండాలో మెయిన్ దగ్గర.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చీకట్లో కొబ్బరితోటలో ఒక్కదాన్నే మట్టలు ఏరుకొచ్చిన మనిషిని. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సుజాత రాస్తోంది.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా ఆయన కొబ్బరికాయల వలుపు పని చేసేవారు. మోటారు వైరుకి ప్లగ్గు విరిగిపోతే కొత్తది వెయ్యలేదు. రెండు తీగలూ నేరుగా గోడ ప్లగ్గు బొక్కల్లో పెట్టి, ఊడిపోకుండా చెరో అగ్గిపుల్లా దోపారు. మా వైపు చాలా ఇళ్లల్లో ఇంతే. బొక్కల చుట్టూ నల్లగా మాడింది. వానొస్తే ఆ గోడ చెమ్మగిల్లేది. కరెంటు పని చేసే సత్తిబాబు రెండుసార్లు చెప్పాడు.

“మార్చెయ్యండి బాబాయ్‌గారూ. చెయ్యి పెట్టేముందు టెస్టరెట్టి చూసుకోండి.”

“నాలుగేళ్లుగా ఆడతంది రా. దానికి లేని భయం నీకెందుకు?” అని నవ్వేశారు ఈయన.

ఆ రోజు పొద్దున వాన పడి వెలిసింది. మోటారు తిరగలేదు, మాడు వాసన వచ్చింది. తీగలు తీసి మళ్లీ పెడతానని, నన్ను మెయిన్ ఆపమన్నారు. నేను మెయిన్ పిడి కిందికి లాగాను. అది బిగువు పిడి, రెండు చేతులూ వెయ్యాలి. ముందు గదిలో ఫ్యాను నెమ్మదించి ఆగిపోవడం నా కళ్లతో చూశాను. టీవీలో ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. అప్పుడే ఆయన అడిగారు, నేను ఆ మాట అన్నాను.

పెరట్లో బకెట్టు దొర్లిన చప్పుడు. వెళ్లేసరికి ఆయన చెయ్యి ప్లగ్గు దగ్గరే అంటుకుపోయి ఉంది. ముట్టుకోకూడదని తెలుసు. ఎండు కొబ్బరిమట్ట తీసుకుని ఆ చేతి మీద కొట్టాను. పడిపోయారు. మళ్లీ లేవలేదు.

నా కేకకి పక్కింటి మంగాయమ్మ వీధి వైపు నుంచి పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో వదినా, మెయిన్ పైకే ఉందే! ఫ్యాను తిరుగుతానే ఉందే!”

ఇంట్లో ఇంకెవరూ లేరు. మాకు ఇన్వర్టరూ లేదు.

కంగారులో ఆపి ఉండదు పాపం అన్నారు అందరూ. మా అత్తగారు మాత్రం పాపం అనలేదు. పదోరోజున నలుగురిలో, “నా కొడుకుని చెయ్యెట్టమన్నది ఇదేనర్రా!” అంది. ఆపాను అని నాకు తెలుసు. కానీ రోజులు గడిచేకొద్దీ, నిజంగా ఆపానా అని నన్ను నేనే అడుక్కోవడం మొదలుపెట్టాను.

సత్తిబాబు పిడి పరీక్ష చేసి, ఇది తనంతట తాను లేచేది కాదన్నాడు. పెరట్లో కొత్త ప్లగ్గు వేశాడు.

పోయిన వానాకాలం వంటింట్లో మిక్సీ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వలు లేచాయి. సత్తిబాబు పగటిపూటే వచ్చాడు. నేను మెయిన్ కిందికి లాగాను. ఫ్యాను ఆగేదాకా నిలబడి చూశాను. తర్వాత వంటింటి గుమ్మం దాకా వచ్చాను. అతను ప్లగ్గు పలక విప్పి, తీగ పట్టుకోబోతున్నాడు.

“ఏవే, మెయినాపేవా?”

పెరటి వైపు నుంచి. మా ఆయన గొంతు.

“నువ్వేమైనా అన్నావా బాబూ?”

“లేదండి పిన్నిగారూ.”

ఆపేనండి అని నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ముందు గదిలో ఫ్యాను తిరుగుతోంది. “ఆగు, ముట్టుకోకు!” అని అరిచి వరండాలోకి వెళ్లాను. పిడి పైకి ఉంది. వాన జల్లుకి తడిసిన గచ్చు మీద నా పాదాలు తప్ప వేరే అడుగులు లేవు.

సత్తిబాబు టెస్టర్ పెట్టాడు. ఎర్రగా వెలిగింది. అతను అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. “ఆ రోజు కూడా మీరు ఆపే ఉంటారండి,” అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో. విన్నాక మాత్రం ఊరట రాలేదు. నేను ఆపి ఉంటే, మరి ఎత్తింది ఎవరు?

మెయిన్ మార్పించాను. ఇప్పటికీ ఏ ప్లగ్గు విప్పాలన్నా ఫ్యూజులు పీకి కొంగున ముడేసుకుని, టెస్టర్ పెట్టించాకే చెయ్యి పెట్టనిస్తాను. అడిగిన గొంతు ఆయనదే. ఎత్తిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. ఆ రెండూ ఒకటేనేమో అన్న ఆలోచన వస్తే లేచి వేరే పనిలో పడతాను.

సుజాతా, ఇక చాలు. మొదటి నుంచి ఓసారి చదివి వినిపించమ్మా. ఆపేనండి అన్నానని రాశావు కదా? దాని తర్వాత నేనన్న మాట కూడా దాటెయ్యకుండా చదువు.