పడవలో ఫ్రిజ్ కట్టిన చిన్నాన్న

ఈమధ్య ఒక పొద్దున్న, నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ అందాలంటే ఊరి వెనకున్న గుట్ట ఎక్కి నిలబడాలి. అంత పొద్దున్నే ఆవిడ గుట్ట ఎక్కిందంటేనే ఏదో జరిగిందని తెలిసిపోయింది. "మీ సిన్నాన్న ఎలిపోనాడమ్మా," అంది. టీ పెట్టమని అడిగాడట. గ్లాసు పట్టుకొచ్చేసరికి, పడవలో చెక్కకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట.

హుకుంపేట నుంచి చింతపల్లి చేరి, అక్కడ సీలేరు వెళ్ళే షేర్ జీపు ఎక్కాను. నా ముఖం చూసి పక్కనున్నావిడ ఎక్కడికమ్మా అని అడిగింది. చిన్నాన్న సంగతి చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఫ్రిజ్ పడవాయనా?" అన్నాడు. ఘాట్ రోడ్డు దిగేదాకా పాటలు పెట్టలేదు. మా చిన్నాన్న పేరు ఆ దారిలో చాలామందికి తెలియదు. ఫ్రిజ్ పడవాయనంటే అందరికీ తెలుసు.

మావాళ్ళది సముద్రం ఒడ్డు. నాన్నకి సీలేరు కరెంటు ప్రాజెక్టు కాలనీలో ఉద్యోగం వచ్చి కొండెక్కాడు. ఆయన తమ్ముడు హార్బరులో, వేట బోట్లలో చేపలు దాచే చలిగదులు బాగుచేసేవాడు. ఒక వేసవిలో అన్నని చూసిపోదామని వచ్చి, రిజర్వాయరు గట్టు మీద నిలబడి, ఇంత నీరుండి ఒక్క తెరచాపైనా లేదేమని ఆశ్చర్యపోయాడట. ఇక్కడివన్నీ తెడ్డుతో నడిపే నాటు పడవలు. చూసిపోవడానికి వచ్చినవాడు ఉండిపోయాడు. ఆవలి ఒడ్డున ఉన్న కొండ ఊరి పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే మా పిన్ని. ఇద్దరూ కలిసి పడవ కట్టుకున్నారు. లారీల మీద కప్పే పాత టార్పాలిన్ కుట్టి దానికి తెరచాప కట్టారు.

ఊళ్ళో వాళ్ళకి ఇల్లుంది గానీ, ఏడాదిలో సగం కాలం పడవలోనే గడిచేది. ఒడ్డున ఉన్న ఊరూరా ఆగుతూ చేపలు ఎక్కించుకోవడం, సంతకి పోయే మనుషుల్ని దాటించడం, గాలి పడిపోతే ఏదో ఒక మలుపులో కట్టేసి వంట చేసుకోవడం. వేసవి సెలవులు వచ్చాయంటే నా మకాం కూడా అక్కడే. పడవ మధ్యలో చెక్క పెట్టె ఒకటుండేది. బ్యాటరీ మీద తిరిగే చిన్న కంప్రెసరు, పైకప్పు మీద సోలారు పలక. లోపల చేపలు. టీవీ అట్టపెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ముక్కల్ని దాని గోడల్లో కూరాడు. అది అంతంత మాత్రంగా పనిచేసేది. మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసించేది, సాయంత్రానికి చేపలూ నీరసించేవి. దాని గురించి అప్పట్లో ఆయన పెద్దగా బెంగపడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా బాగా చిక్కిపోయి, బిందెలకి బిందెలు నీళ్ళు తాగుతుంటే విశాఖపట్నం తీసుకెళ్ళారు. షుగర్ అన్నారు. పెద్దవాళ్ళకొచ్చేది కాదు, చిన్నపిల్లలకొచ్చేది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మందు సీసాలు చల్లగా ఉంచాలి. ఇంటికొచ్చాక అమ్మ చెప్పిన మొదటి మాట, ఇంక పడవెక్కేది లేదని. వేసవి ఎండకి సీలేరు లోయ పెనంలా కాలుతుంది. పడవలో మందు ఎక్కడ దాస్తామని. అమ్మ మాటలో తప్పు లేదు. నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

చిన్నాన్న గుమ్మంలో కూర్చుని అంతా విన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు పడవ దగ్గరకి వెళ్ళిన నాన్న, పెట్టె గోడలు ఊడదీసి ఉన్నాయని చెప్పాడు.

ఊడదీస్తే లోపల థర్మోకోల్ నీరు ఓడుతోందట. బయటి వేడిగాలిలో ఉన్న చెమ్మ చెక్క సందుల్లోంచి దూరి, చల్లటి చోట నీరై, ముక్కలన్నిటినీ నానబెట్టేసింది. తర్వాత నాకు చాలాసార్లు చెప్పిన మాట అప్పుడే పిన్నితో అన్నాడట: "సల్లదనం పుట్టించడం పెద్ద పని కాదే. వేడిని గుమ్మంలోనే ఆపడం, అదీ పని."

విశాఖలో ఎక్కడో పాత కోల్డ్ స్టోరేజీ కూలగొడుతుంటే గట్టి ఫోమ్ పలకలు అడిగి తెచ్చాడు. చింతపల్లి నుంచి జీపు టాపు మీద కట్టించుకుని వస్తుంటే, ఒక మలుపులో గాలికి ఒక పలక లేచి లోయలోకి గాలిపటంలా పోయిందట. మిగిలినవి పోకుండా జీపులో వాళ్ళంతా తలొక చెయ్యి బయటపెట్టి పట్టుకొచ్చారు. ఆ కథ ఆయన చెప్పినప్పుడల్లా లోయ ఇంకాస్త లోతయ్యేది.

ఆ పెట్టె కట్టడం నేను దగ్గరుండి చూశాను. పలకల్ని వరసలుగా పేర్చాడు. ఇటుకల గోడలో లాగే, ఒక వరస అతుకు మీద ఇంకో వరస అతుకు పడకూడదు. సందుల్లో ఉబ్బే ఫోమ్ కొట్టాడు. వాటికి బయటివైపు దళసరి ప్లాస్టిక్ పట్టా చుట్టి, అంగుళం ఖాళీ లేకుండా టేపు అంటించాడు. చెమ్మ లోపలికి రావాలంటే ముందు దాన్ని దాటాలి. ఆ రోజుల్లో టేపు చుట్ట ఆయన మణికట్టుకి గాజులా వేలాడుతూ ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు.

అన్నిటికన్నా సతాయించింది మూత. జీపుల తలుపులకుండే రబ్బరు బీడింగు తెచ్చి రెండు వరసలు అతికించాడు. మూత కింద కాగితం ముక్క పెట్టి లాగమనేవాడు. సులువుగా వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. మళ్ళీ ఊడదీసేవాడు. మళ్ళీ అతికించేవాడు. పిన్ని మట్టుకు గట్టు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసుకుంటూ, ఖాళీ పెట్టెలో చల్లగాలి మూత తీసినప్పుడల్లా పోతుంది కదా, నీళ్ళ సీసాలు నింపి ఉంచితే పోదు కదా అంది. చిన్నాన్న చేతిలో పని ఆపి ఆవిడ వంక చూశాడు. "నువ్వు హార్బరులో పుట్టుండాల్సింది," అన్నాడు. పిన్ని సిగ్గుపడి గట్టు దిగి పోయింది.

అమ్మని ఎలాగో ఒప్పించి వెళ్ళిన మొదటి ప్రయాణం సరిగ్గా సాగలేదు. రెండో రోజు పొద్దున్న మందు సీసా తీసి చూస్తే, అది పెట్టెలో చల్లదనం పుట్టించే రేకుకి ఆనుకుని గడ్డకట్టి ఉంది. ఇన్సులిన్ వేడికే కాదు, గడ్డకట్టినా పాడవుతుంది. కరిగాక బాగానే కనబడుతోంది కదా అని నేనన్నాను. నాకు వెనక్కి పోవడం ఇష్టం లేదు. చిన్నాన్న ఆ సీసాని పక్కన పెట్టేసి, "తెలీని మందు నా గుంటకి ఎక్కించను," అన్నాడు. మావాళ్ళ వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఎదురుగాలి. చాప దింపేసి, ఆయనా పిన్నీ చెరో తెడ్డు వేసుకుంటూ కాలనీ ఒడ్డుకి చేర్చారు. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ ముందు తల వంచుకుని నిలబడి, పెట్టె ఇంకా కుదరలేదు వదినా, కుదిరాకే అడుగుతానన్నాడు.

కుదిరాకే అడిగాడు. సీసాలు రేకుకి తగలకుండా మూత నుంచి వేలాడేలా స్టీలు బుట్ట చేశాడు. పక్కనే గుండ్రటి థర్మామీటరు. ఆ తరవాతి వేసవికి అమ్మ ఒప్పుకుంది.

ఆ వేసవిలోనే గాలివాన వచ్చింది. మేం పిన్ని వాళ్ళ ఊరి పక్క మలుపులో పడవ కట్టేసి ఉన్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. పడవ కప్పు మీది సోలారు పలక ఊడి, నీళ్ళ మీద రెండు గెంతులు గెంతి మునిగిపోయింది. గాలి తగ్గాక కాలనీ ఒడ్డుకి చేరితే అక్కడ స్తంభాలు పడిపోయి ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద చెట్లు కూలి జీపులు ఆగిపోయాయి. కరెంటు పుట్టే ఊళ్ళో కరెంటు లేదు. వాన వెలిసి మళ్ళీ ఎండ మండిపోతోంది. పలక లేక మా పెట్టెలో కంప్రెసరు కూడా ఆగిపోయింది. ఇక మిగిలింది ఆ గోడలే.

చిన్నాన్న మొదట చేసిన పని, చేపలన్నీ బయటికి తీసి పంచిపెట్టెయ్యడం. చేపలుంటే మనుషులొచ్చి మూత తియ్యమంటారని. గడ్డకట్టిన నీళ్ళ సీసాలు అలాగే ఉంచాడు. నేను వాడుతున్న మందుని తడి ఇసక పోసిన కుండలో పెట్టాడు. ఆ మందు అడుగంటుతోంది. కొత్త సీసాలు పెట్టెలో ఉన్నాయి.

సంగతి తెలిసి కాలనీ క్యాంటీన్లో వంటచేసే ఆయన, వాళ్ళమ్మ వాడే ఇన్సులిన్ పట్టుకుని వచ్చాడు. తర్వాత ఇంకొందరు. టిఫిన్ డబ్బాల్లో, తడిగుడ్డల్లో చుట్టి తెచ్చారు. చిన్నాన్న ఎవరినీ కాదనలేదు, కానీ మూత అప్పటికప్పుడు తియ్యలేదు. అందరూ తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు రండి, ఒక్కసారే తీస్తాను, అన్నీ ఒక్కసారే పెడదామన్నాడు. అలాగే వచ్చి గట్టు మీద వరసగా కూర్చున్నారు. మా అమ్మ కూడా వచ్చింది. రోడ్డు తెరిచేదాకా రోజుకొక్కసారి, ఆ వేళకే మూత లేచేది. మిగతా పగలంతా ఆయన పెట్టె పక్కనే కూర్చుని, చెయ్యి మడిచి వేళ్ళ వెనకవైపుతో చెక్కని తడుముతూ ఉండేవాడు. బయట చెమ్మ తగిలితే లోపలి చల్లదనం కారిపోతున్నట్టు. తగల్లేదు.

కుండలో మందు అయిపోయిన రోజు కొత్త సీసా తీశాడు. థర్మామీటరు ముల్లు ఉండాల్సిన గీతల మధ్యే ఉంది. సీసాని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని, మందు పాడై మసకబారిందేమోనని చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత అమ్మ చేతికిచ్చాడు. అమ్మ కూడా చూసింది.

"అద్దంలా ఉంది," అంది అమ్మ.

చిన్నాన్న అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. సాయంత్రం చక్కెర పరీక్ష చేస్తే లెక్క సరిగానే ఉంది. అప్పటినుంచి నా సెలవుల మాట ఎత్తినప్పుడు అమ్మే, చిన్నాన్నకి కబురు పెట్టండని చెప్పేది.

ఆ పెట్టె కట్టాక ఆయనకి కొన్ని అలవాట్లు అంటుకున్నాయి. ఎవరింటికెళ్ళినా సగం తెరిచిన తలుపు కనిపిస్తే లేచి వేసేసేవాడు. నా పెళ్ళిలో వంటశాల తలుపు వేసేసి, వడ్డించేవాళ్ళని లోపలే బంధించేశాడు. నా భర్త ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు. నాకు ఉద్యోగం వచ్చి హుకుంపేట వెళ్తుంటే చిన్నాన్న ఇచ్చిన సలహా ఒక్కటే: "పిల్లల్ని కేకలెయ్యకమ్మా. ఆళ్ళకి బయట వేడి సాలు." ఆ మాట నేను చాలాసార్లు తప్పాను. తప్పినప్పుడల్లా ఆయన గుర్తొచ్చాడు.

నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్లు భయపెట్టిన మాట నిజం. ఆ భయం పక్కనే కూర్చున్న చిన్నాన్న ముఖంలో ఏనాడూ కనిపించలేదు. అమ్మా నాన్నా నన్ను బతికించారు. బతకడంతో పాటు నీళ్ళ మీదికి వెళ్ళొచ్చని చూపించింది చిన్నాన్న.

కర్మ అయిన మర్నాడు పిన్నితో, నాతో కొన్నాళ్ళు వచ్చి ఉండమన్నాను. ఆవిడ పొయ్యి దగ్గర బూడిద ఎత్తుతూ, ఆవలి ఊళ్ళ చేపలు ఎదురుచూస్తుంటాయమ్మా అంది. తర్వాత కాస్త ఆగి, "నేను నడపగల్ను. మీ సిన్నాన్నకి గాలెటు తిరిగిందో సెప్పింది నేనే గదా," అంది.

నన్ను కాలనీ ఒడ్డున దింపి, తను వెనక్కి తిరిగింది. వేసవికి నీరు బాగా దిగిపోయింది. ఎప్పుడో మునిగిన చెట్ల మోడులు తెల్లగా, బోడిగా నీళ్ళలోంచి లేచి నిలబడి ఉన్నాయి. పిన్ని చీర చెంగు నడుముకి బిగించి చాప ఎత్తింది. మొదట అది అటూ ఇటూ కొట్టుకుంది, తర్వాత గాలి నిండింది. పడవ ఆ మోడుల మధ్యకి వెళ్ళాక పడవ కనబడలేదు, పిన్నీ కనబడలేదు. నీలం అతుకుల చాప ఒక్కటే, మోడు వెనక మోడు దాటుకుంటూ, కొండ మలుపు వైపు కదిలిపోతూ ఉంది.