దయ్యాల బట్టల రంగు

తిరువూరులో మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమెను అందరం టైలరమ్మ అనేవాళ్లం. డిగ్రీ చదివే రోజుల్లో నాకు దేశదేశాల దయ్యాల కథలంటే పిచ్చి. ఫోనులో ఏ కొత్త కథ దొరికినా ఆమె కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని వినిపించేదాన్ని. సరిగ్గా భయపడాల్సిన చోట ఆమె మిషను ఆపి, కళ్లజోడు పైకి జరిపి, "ఏం కట్టుకుందంట?" అని అడిగేది.

మన దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని, జపాను దయ్యానికి అసలు పాదాలే ఉండవని చెప్పాను. ఇంగ్లండు దయ్యం పాత కోటల్లో గౌను వేసుకుని తిరుగుతుందన్నాను. బట్టలు మాత్రం మూడింటివీ తెలుపే.

"మా నాన్నమ్మ చెప్పిన జిన్నులకైతే బట్టల ఊసే లేదు. ఇన్ని దేశాల్లో ఒక్కదానికైనా రంగుబట్ట కుట్టినోళ్లు లేరా?" అని ఆమె నిజంగానే బాధపడింది.

ఆ ఏడే మా బాబాయి పోయాడు. కొన్నాళ్లకు పిన్ని తెల్ల జాకెట్టు గుడ్డ పట్టుకుని నాతో అక్కడికి వచ్చింది. ఇక మీదట అదే రంగు వేసుకోమని అత్తగారు చెప్పారట. టైలరమ్మ ఆ గుడ్డను తాకలేదు.

"చచ్చిపోయినోళ్లకే ఈ రంగేంటా అని నేను దిగులుపడుతుంటే, బతికున్నదానివి నీకెందుకమ్మా?" అంటూ అలమర తెరిచి, ఒక ఆకుపచ్చ గుడ్డ తీసి పిన్ని భుజం మీద వేసింది.

పిన్ని ఆ గుడ్డను వేళ్లతో తడిమి చూసి, మడతపెట్టి తిరిగి ఇచ్చింది. తర్వాత మెల్లగా, "పచ్చది వద్దండి. ఆ నేరేడు రంగుది చూపించండి," అంది.